బుజ్జికి, యుకులేలే సంగతి

చి. బుజ్జికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోన్‌లో పంపిన యుకులేలే వాయింపు విన్నాను, ఆ నాలుగు తీగల బుల్లి గిటార్ మీద పాటా, కార్డులూ (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) కలిపి వాయించావు. కార్డులు శుభ్రంగానే పడుతున్నాయి గానీ, అది ఏ పాటో పోల్చుకునేసరికి చరణం సగం అయిపోయింది. దిగులు పడకు, నేనూ ఈ గోతిలోనే పడ్డాను. ఆర్కెస్ట్రాలో అన్నేళ్లు గిటార్ వాయించినవాణ్ణి, నాలుగు తీగలే కదా అనుకున్నా. సంక్రాంతికి పెరట్లో కూర్చుని వాయిస్తుంటే, అరిసెలు వత్తుతున్న మీ అత్తయ్య "ముందు శ్రుతి చేసుకోండి, పాట తర్వాత" అంది. పాట మొదలెట్టి అప్పటికే పది నిమిషాలైంది!

తిరకాసంతా నాలుగో తీగలో, అంటే జి తీగలో ఉంది. జి, సి, ఇ, ఎ అని శ్రుతి చేస్తాం కదా, గిటార్‌లోలా స్వరం వరసగా పెరగదు. ఆ జి తీగ సి కంటే, ఇ కంటే కూడా పైన పలుకుతుంది. పాట ఇ తీగ మీద నడుస్తుండగా నాలుగూ ఒకేసారి మీటితే చెవి పైన పలికే జి, ఎ తీగలనే పట్టుకుంటుంది, పాట నలిగిపోతుంది. అక్కడ జి, ఎ జోలికి పోకు. సి, ఇ కలిపి మీటితే చాలు.

షడ్జమం, అంటే స, సి స్వరంలో పెట్టినట్టున్నావు. మోహన రాగంలో స, రి రెండూ సి తీగ మీదకి దిగిపోతే వాటి కింద కార్డుకి తీగేదీ? ఎఫ్‌లో పెట్టు. స ఇ తీగ మొదటి మెట్టు (ఫ్రెట్), రి మూడో మెట్టు, గ ఎ తీగ ఖాళీగా, ప దాని మూడో మెట్టు, ద ఐదో మెట్టు. మామూలు ఎఫ్ కార్డు పట్టుకుంటే పైన గ ఉంటుంది. అదే పట్టులో చిటికెన వేలు ఎ తీగ మూడో మెట్టు మీద వేస్తే ప. ద కోసం డి మైనర్ పట్టి ఐదో మెట్టు దాకా చాపాలి, ఓ వారం వేలు గుంజుతుంది.

స్వరస్వరానికీ కార్డు వేయకు. స్వరం నిలబడే చోట వెయ్యి, గమకం (స్వరాన్ని ఊపడం) దగ్గర ఒంటి తీగే మీటు. మన పాలకొల్లు శ్రీనివాస్ మాండలిన్ మీద గమకాలు పలికించలేదా అంటావు. అది ఎలక్ట్రిక్ మాండలిన్, నాదం నిలుస్తుంది. నీ నైలాన్ తీగ ఇట్టే ఆరిపోతుంది, చిన్న జారుడుతో సరిపెట్టుకో.

లో-జి తీగ, అంటే కింది స్థాయిలో పలికే జి తీగ, వేయమంటావా అని అడిగావు. వేస్తే సగం గొడవ తీరుతుంది, కానీ యుకులేలేకి ఉన్న ఆ గలగల పోతుంది. నేనైతే వేయను.

పండక్కి వచ్చేటప్పుడు వాయిద్యం తెచ్చుకో. మీ అత్తయ్య ముందు వాయిద్దువుగాని.

మీ మావయ్య,
పాలకొల్లు