ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిన ల్యాప్‌టాప్ గురించి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతు వినగానే ఎంత టెన్షన్‌లో ఉన్నావో అర్థమైంది. సోమవారం ప్రాజెక్టు సబ్మిషన్, చూస్తే ల్యాప్‌టాప్ నల్ల తెర దగ్గర ఆగిపోయింది. ఫార్మాట్ కొట్టి డెబియన్ (నీ ల్యాప్‌టాప్‌లో ఉన్న లినక్స్) మళ్ళీ ఎక్కించెయ్యమని నీ రూమ్మేట్ అన్నాడట. ఆ పని మాత్రం చెయ్యకు నాన్నా. నువ్వు చెప్పినదాన్ని బట్టి నీ ఫైళ్ళు భద్రంగానే ఉన్నాయి. బూట్ అయ్యే దారిలో తనకు కావాల్సిన డిస్కు ఒకటి దొరక్క, సిస్టమ్ అక్కడే ఆగి నిన్ను పిలుస్తోంది.

ఏదైనా టైప్ చేసే ముందు తెరను ఫోటో తియ్యి. ఎర్ర చుక్కలు అటూ ఇటూ కదులుతూ ఒకటిన్నర నిమిషం లెక్కపెట్టిందన్నావు కదా, నా అనుమానం అక్కడే మొదలైంది. లేని డిస్కు కోసం సిస్టమ్‌డీ, అంటే బూట్ పనులన్నీ నడిపే ప్రోగ్రాం, మామూలుగా 90 సెకన్లు ఎదురుచూస్తుంది. ఆ తర్వాత 'డిపెండెన్సీ ఫెయిల్డ్ ఫర్ లోకల్ ఫైల్ సిస్టమ్స్' అనే లైను పడుతుంది, వెంటనే ఎమర్జెన్సీ మోడ్, అంటే మరమ్మతు కోసం మాత్రమే తెరుచుకునే నల్ల తెర. ఆ లైనుకు కాస్త పైన ఏ ఫోల్డరు పేరు ఉందో చూడు.

పోయిన వారం డేటా పార్టిషన్‌ను, అంటే డిస్కులో డేటాకని విడదీసిన భాగాన్ని, ఫార్మాట్ చేశానన్నావు. ప్రతి పార్టిషన్‌కూ యూయూఐడీ అని ఒక పొడవాటి నంబరు ఉంటుంది, ఫార్మాట్ చేస్తే అది మారిపోతుంది. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టాక డోర్ నంబరు మారినట్టన్నమాట. బూట్‌లో ఏ డిస్కులు తగిలించాలో రాసి ఉండేది ఈటీసీ ఫోల్డరులోని ఎఫ్‌స్టాబ్ ఫైలు. దాంట్లో మాత్రం ఇంకా పాత నంబరే ఉంది. పోస్ట్‌మ్యాన్ పాత అడ్రసు పట్టుకుని వీధంతా తిరుగుతున్నాడు.

రూట్ (అన్ని అధికారాలూ ఉన్న అకౌంట్) పాస్‌వర్డ్ అడిగితే ఇచ్చి లోపలికి వెళ్ళు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు దాన్ని ఖాళీగా వదిలేసి ఉంటే, రూట్ అకౌంట్‌కు తాళం పడి ఉందని చెప్పి లోపలికి రానివ్వదు. అప్పుడు రీబూట్ చేసి గ్రబ్ మెనూ (ఏ సిస్టమ్ ఎక్కించాలో అడిగే తెర) రాగానే 'ఈ' అక్షరం నొక్కు. 'లినక్స్' అని మొదలయ్యే లైను చివరకు వెళ్ళి, ఒక ఖాళీ వదిలి, 'ఇనిట్ ఈక్వల్ టు స్లాష్ బిన్ స్లాష్ బాష్' చేర్చి కంట్రోల్ ఎక్స్ కొట్టు. ఈ మార్పు ఆ ఒక్క బూట్‌కే, భయం లేదు.

లోపలికి వెళ్ళాక డిస్కు చదవడానికి మాత్రమే తెరుచుకుని ఉండొచ్చు, అలా ఉంటే ఫైలు సేవ్ కాదు. అందుకే ముందు 'మౌంట్ హైఫన్ ఓ రీమౌంట్ కామా ఆర్‌డబ్ల్యూ', ఒక ఖాళీ, ఒక స్లాష్. తర్వాత నానో ఎడిటర్‌లో ఎఫ్‌స్టాబ్ తెరిచి, డేటా పార్టిషన్ లైను ముందు ఒక్క హ్యాష్ గుర్తు పెట్టు, ఇక ఆ లైనును సిస్టమ్ పట్టించుకోదు. ఉత్త స్లాష్ ఉన్న లైను జోలికి వెళ్ళకు, అది సిస్టమ్ ఉన్న నీ రూట్ పార్టిషన్. కంట్రోల్ ఓ, ఎంటర్, కంట్రోల్ ఎక్స్. చివరగా 'సింక్', ఆ తర్వాత 'రీబూట్ హైఫన్ ఎఫ్'. డెస్క్‌టాప్ వచ్చేస్తుందనే నా నమ్మకం.

వచ్చాక ముందు ప్రాజెక్టు ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యి. మిగతావి తర్వాత. అప్పుడు సూడోతో, అంటే రూట్ అధికారంతో, 'బీఎల్‌కేఐడీ' కొట్టి కొత్త నంబరు తీసుకుని ఎఫ్‌స్టాబ్‌లో పెట్టు. హ్యాష్ తీసేసి, ఆప్షన్ల దగ్గర కామా పెట్టి 'నోఫెయిల్' అని చేర్చు. ఆ మాట ఉంటే డిస్కు దొరక్కపోయినా బూట్ ఆగదు. డేటా డిస్కులకు, బయట తగిలించే డిస్కులకు అది తప్పకుండా ఉండాలని నా అభిప్రాయం.

ల్యాబ్‌లో పనిచేసే రోజుల్లో సర్వర్‌లోంచి పాత హార్డ్‌డిస్కు ఒకటి తీసేశాను, ఎఫ్‌స్టాబ్‌లో లైను తియ్యడం మర్చిపోయాను. చాలా రోజులు ఏమీ కాలేదు. ప్రాక్టికల్ పరీక్ష రోజు పొద్దున రీబూట్ అయ్యి అక్కడే ఆగింది. పిల్లలు హాల్‌టికెట్లు పట్టుకుని తలుపు బయట నిలబడ్డారు. ఆ ముఖాలు నాకు ఇంకా గుర్తున్నాయి. అప్పటి నుంచి ఆ ఫైలు ముట్టుకుంటే, రీబూట్‌కు ముందే 'ఫైండ్‌ఎంఎన్‌టీ' (మౌంట్‌లోని ఓ, యూ అక్షరాలు ఉండవు), ఖాళీ, రెండు హైఫన్లు, 'వెరిఫై' కొడతాను. దానికి తోడు 'మౌంట్ హైఫన్ ఏ'. తప్పుంటే అక్కడే బయటపడుతుంది, నీ చేతిలో నడుస్తున్న సిస్టమ్ ఉండగానే.

ఒకవేళ ఫోటోలో ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్‌ను పరీక్షించి బాగుచేసే కమాండ్) చెయ్యమని ఉంటే కథ వేరు. కరెంటు పోయినప్పుడో, బ్యాటరీ అయిపోయినప్పుడో ఫైల్ సిస్టమ్ దెబ్బతినొచ్చు. మౌంట్ అయి ఉన్న, అంటే వాడకంలో ఉన్న, పార్టిషన్ మీద దాన్ని నడపకూడదు, ఉన్నవి కూడా పోవచ్చు. లైవ్ పెన్‌డ్రైవ్‌తో (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్) బూట్ చేసి అక్కడి నుంచి నడపాలి. 'ఐఓ ఎర్రర్' అని వరసగా పడుతుంటే అదీ వద్దు. డిస్కే పాడవుతూ ఉండొచ్చు, ముందు డేటా బయటికి తీసుకోవాలి. అప్పుడు మెషీన్ ఆపేసి నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా పర్లేదు.

ఫోటో వాట్సాప్‌లో పెట్టు. ఏదైనా తినేసి కూర్చో.

మీ పెద్దమ్మ