సైకిల్ కొన్నారా? ముందు వాల్వ్ చూడండి

విదేశాలకు కొత్తగా వచ్చినవాళ్లు నన్ను అడిగే సందేహాల్లో ఇల్లు, బ్యాంకు ఖాతా, ఫోన్ కనెక్షన్ అయ్యాక వచ్చేది సైకిలే. ఆ ప్రశ్న కూడా దాదాపు ఒకేలా ఉంటుంది. "అన్నా, సెకండ్ హ్యాండ్ సైకిల్ కొన్నాను. పంపు కూడా కొన్నాను. ఎంత కొట్టినా గాలి ఎక్కడం లేదు. సైకిల్ పాడైందా, పంపు పాడైందా?"

చాలాసార్లు రెండూ బాగానే ఉంటాయి. వాల్వ్, అంటే ట్యూబ్‌లోకి గాలి ఎక్కించే చిన్న గొట్టం, ఒక రకం. దానికి తగిలించే పంపు తల ఇంకో రకం. తేడా అంతే. కానీ ఈ సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. నాకూ ఎవరూ చెప్పలేదు. వచ్చిన మొదటి ఏడాది ఒకరి దగ్గర పాత సైకిల్ కొన్నాను. దాని వాల్వ్ సన్నగా, పెన్సిల్ ములుకులా ఉంది. కొసన చిన్న నట్టు ఉంది. దాన్ని వదులు చేయాలని తెలియక, పంపు తలను బలంగా అదిమి అటూ ఇటూ ఊపాను. లోపలి పిన్ను వంగిపోయింది. మర్నాడు పొద్దున పనికి నడిచి వెళ్లాను. తర్వాత ట్యూబ్ మొత్తం మార్చాల్సి వచ్చింది. మీకు ఆ అవస్థ రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

సైకిళ్లలో ఎక్కువగా కనిపించేవి మూడు రకాలు: ష్రేడర్, ప్రెస్టా, డన్‌లప్.

ష్రేడర్ అంటే కారు, మోటార్‌సైకిల్ టైర్లకు ఉండేదే. లావుగా, సుమారు 8 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. మూత తీస్తే లోపల నడిమధ్య చిన్న పిన్ను కనిపిస్తుంది. గోటితో నొక్కితే గాలి బయటికి వస్తుంది, వదిలితే లోపలి స్ప్రింగు మళ్లీ మూసేస్తుంది. జర్మనీ నుంచి అమెరికా వెళ్లి న్యూయార్క్‌లో స్థిరపడిన ఆగస్ట్ ష్రేడర్ పేరే దీనికి వచ్చింది. దీని పేటెంట్ 1893 నాటిది. ఇన్నేళ్లయినా మారకుండా నడుస్తోందంటే ఎంత గట్టిదో చూడండి. దీనితో వచ్చే చిక్కులు తక్కువ. పిన్ను పక్కన ఇసుక రేణువు చేరితే సన్నగా గాలి పోతుంది, అందుకే మూత పారేసుకోవద్దు. లోపలి పిన్ను భాగం వదులైనా గాలి పోతుంది. దాన్ని బిగించడానికి చిన్న పనిముట్టు దొరుకుతుంది. ఒక్కోసారి వాల్వ్ మూతే ఆ పనిముట్టులా తయారై వస్తుంది.

ప్రెస్టా గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్లు ఇబ్బంది పడేది దీని దగ్గరే. ఇది సన్నం, 6 మిల్లీమీటర్లే. వేగంగా తొక్కే రోడ్ సైకిళ్లకు, మంచి రకం మౌంటెన్ బైకులకు ఎక్కువగా ఇదే ఉంటుంది. దీంట్లో ష్రేడర్‌లా స్ప్రింగు ఉండదు. లోపలి గాలి ఒత్తిడే వాల్వును మూసి ఉంచుతుంది, పైన ఉన్న చిన్న నట్టు దాన్ని బిగించి పెడుతుంది. గాలి కొట్టే ముందు ఆ నట్టును ఎడమ వైపు, అంటే గడియారం ముల్లుకు ఎదురుగా, కొసదాకా తిప్పండి. అది ఊడి రాదు, అక్కడే ఆగుతుంది. తర్వాత వేలితో ఒక్కసారి మెల్లగా నొక్కండి. "టుస్"మని కొంచెం గాలి వస్తుంది. ఆ చప్పుడు వినిపిస్తే వాల్వ్ తెరుచుకున్నట్టు. చాలారోజులు వాడని సైకిల్‌కు లోపలి రబ్బరు అతుక్కుపోయి ఉంటుంది కాబట్టి ఈ ఒక్క నొక్కు తప్పనిసరి. అప్పుడు పంపు తలను నిటారుగా దించి, లివర్ బిగించి కొట్టండి. అయ్యాక అంతే నిటారుగా పైకి లాగండి. పక్కకు వంచి లాగితే పిన్ను వంగుతుంది, నా పిన్ను వంగినట్టే. చివరగా నట్టు మళ్లీ బిగించండి, వేళ్లతో చాలు.

ప్రెస్టా వాల్వ్ కాడ పొడవు కూడా చూసుకోవాలి. మామూలు రిమ్ముకు 40 మిల్లీమీటర్ల కాడ సరిపోతుంది. ఎత్తైన రిమ్ములకు 60, 80 కావాలి. రిమ్ము బయటికి కనీసం ఒకటిన్నర సెంటీమీటరు రాకపోతే పంపు తలకు పట్టు దొరకదు. పైపును మర తిప్పి బిగించే చిన్న పంపులతో ఇంకో ఇబ్బంది ఉంది. పైపు విప్పేటప్పుడు కొన్ని వాల్వుల లోపలి భాగం కూడా దానితోపాటు ఊడి వచ్చి, కొట్టిన గాలంతా పోతుంది. వాల్వ్ పైభాగంలో రెండు వైపులా చదునుగా చెక్కినట్టు ఉంటే అది ఊడే రకమని గుర్తు. ముందే కాస్త బిగించి పెట్టుకోండి.

ఇక డన్‌లప్. 1888లో బెల్‌ఫాస్ట్‌లో ఉన్న పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్‌లప్ గాలి టైరుకు పేటెంట్ తీసుకున్నాడని చదువుకున్నాం కదా, ఆ పేరే ఇది. వుడ్స్ వాల్వ్ అని కూడా అంటారు. నెదర్లాండ్స్, జర్మనీ, జపాన్ వెళ్లినవాళ్లకు మామూలు సైకిళ్లకు ఇది బాగా కనిపిస్తుంది. మన పాత సైకిళ్లకు ఉండే వాల్‌ట్యూబ్ వాల్వే ఇది, కంగారు పడక్కర్లేదు. లోపలి గొట్టానికి సన్నటి రబ్బరు తొడుగు ఉంటుంది, అది గట్టిపడినా చిట్లినా గాలి నిలవదు. తొడుగు మారిస్తే మళ్లీ బాగవుతుంది. కొత్త రకాల్లో తొడుగు లేకుండానే లోపలి భాగం వస్తుంది, గాలి తేలిగ్గా ఎక్కుతుంది. దీని అడుగు భాగం ష్రేడర్ అంత లావు. కానీ పైభాగానికి ప్రెస్టా పంపు తల పడుతుంది! ఈ ఒక్క ముక్క తెలియక చాలామంది ఇంకో పంపు కొంటారు. తొడుగు ఉన్న రకంలో టైరు లోపల ఎంత గాలి ఉందో గేజీతో సరిగ్గా కొలవలేం, బొటనవేలితో నొక్కి చూసుకోవడమే.

ఏది మంచిదని అడిగితే నా మాట ఇది. రోజూ కాలేజీకి, ఆఫీసుకు తొక్కేవాళ్లకు ష్రేడర్ హాయి, మొరటుగా వాడినా తట్టుకుంటుంది. ఎక్కువ ఒత్తిడి కావాల్సిన సన్నటి టైర్లకు ప్రెస్టా సరైనది. వాటి సన్నటి రిమ్ములో వాల్వ్ కోసం చేసే చిల్లు చిన్నదైతేనే బలం నిలుస్తుంది. కానీ వాల్వ్ నచ్చలేదని ఉన్నదాన్ని మార్చే పని పెట్టుకోవద్దు. ష్రేడర్ ట్యూబ్ ప్రెస్టా రిమ్ము చిల్లులో దూరదు. చిల్లు పెద్దది చేద్దామని డ్రిల్లు పట్టుకోకండి, సన్నటి రిమ్ము బలహీనపడుతుంది. పెద్ద చిల్లులో సన్నటి ప్రెస్టా ట్యూబ్ పెట్టవచ్చు. అయితే మధ్యలో చిన్న రబ్బరు వాషరో, లోహపు రింగో వేయాలి. లేకపోతే కాడ అటూ ఇటూ కదిలి, చిల్లు అంచు దగ్గర ట్యూబ్ కోసుకుపోతుంది. పంక్చర్ వేసినా ఆ చోట అతుకు నిలవదు.

కొత్త ట్యూబ్ కొనడానికి వెళ్లేటప్పుడు మూడు సంగతులు రాసుకుని వెళ్లండి: టైరు పక్కన 37-622 లాగా అచ్చువేసిన కొలత, వాల్వ్ రకం, కాడ పొడవు. గాలి ఎంత కొట్టాలన్నది కూడా టైరు పక్కనే ఉంటుంది, పీఎస్‌ఐలోనో బార్‌లోనో. 1 బార్ అంటే 14.5 పీఎస్‌ఐ. 4 బార్ అని ఉంటే సుమారు 58 పీఎస్‌ఐ కొట్టాలి. చలి దేశాల్లో ఉన్నవాళ్లు చలికాలం మొదలవగానే ఒకసారి చూసుకోండి, చలికి ఒత్తిడి తగ్గుతుంది.

ష్రేడర్ ఉంది కదా అని పెట్రోల్ బంకులో గాలి పెట్టుకునేవాళ్లు మాత్రం జాగ్రత్త. ఆ కంప్రెసర్ కార్ల కోసం పెట్టింది. సైకిల్ ట్యూబ్ చిన్నది కాబట్టి క్షణాల్లో నిండి పేలుతుంది. కొంచెం కొంచెంగా వదులుతూ, మధ్యమధ్యలో వేలితో నొక్కి చూస్తూ పెట్టండి.

పంపు కొనేవాళ్లు ష్రేడర్, ప్రెస్టా రెండు రకాలకూ పనికొచ్చే తల ఉన్నదే తీసుకోండి. కొన్ని పంపుల తల మూత విప్పితే లోపల ఒక రబ్బరు, ఒక ప్లాస్టిక్ ముక్క ఉంటాయి. అవి తిరగేసి పెడితే రెండో రకానికి పనిచేస్తుంది. "పంపు పాడైంది" అన్న చాలామందికి నేను చేసిపెట్టిన రిపేరు ఇదే. ప్రెస్టా ఉన్నవాళ్లు ఒక ఇత్తడి అడాప్టర్ కూడా కొని బ్యాగులో వేసుకోండి. అది బిగిస్తే ప్రెస్టా వాల్వ్ ష్రేడర్‌లా మారుతుంది, ఎవరి పంపుతో అయినా గాలి కొట్టుకోవచ్చు. దాని లోపల సన్నటి రబ్బరు రింగు ఉందో లేదో చూసి తీసుకోండి, అది లేకపోతే గాలి పక్కల నుంచి పోతుంది. బిగించే ముందు ప్రెస్టా నట్టు వదులు చేయడం మరిచిపోవద్దు.

ఇంత చదివాక కూడా అనుమానం ఉంటే ఫొటో పంపండి, చూసి చెబుతాను. చక్రం మొత్తం వద్దు. మూత తీసి, వాల్వ్ కొస స్పష్టంగా కనిపించేలా దగ్గర నుంచి తీయండి.