టెక్ సందేహాలు: బస్సులో సింఫనీ ఎందుకు వినిపించదు?

ప్రశ్న: నాయిస్ క్యాన్సిలింగ్ ఇయర్‌బడ్స్ కొన్నాను. బస్సులో సినిమా పాటలు బ్రహ్మాండంగా వినిపిస్తాయి. సింఫనీ (ఆర్కెస్ట్రా వాయించే పాశ్చాత్య సంగీత రచన) పెడితే మాత్రం మెల్లగా వాయించే చోట ఏమీ తెలియదు. వాల్యూమ్ పెంచితే కాసేపటికే చెవులు అదిరిపోతాయి. బడ్స్ మార్చాలా?

జవాబు: మార్చకండి, వాటిలో లోపమేమీ లేదు. సినిమా పాటను తయారుచేసేటప్పుడే కంప్రెషన్ చేస్తారు. అంటే పెద్ద శబ్దాలను అణిచి, మెల్లని వాటిని పైకి లేపి, పాటంతా దాదాపు ఒకే మట్టంలో ఉంచుతారు. అందుకే ఎంత రొదలోనైనా తేలి వినిపిస్తుంది. సింఫనీ అలా కాదు. ఒక్క ఫ్లూట్ గుసగుసలాడటానికీ, ఆర్కెస్ట్రా అంతా ఒక్కసారిగా విరుచుకుపడటానికీ మధ్య ఉన్న తేడాయే దాని ప్రాణం. మామూలు (16 బిట్) సీడీలో ఈ తేడా సుమారు 96 డెసిబెల్స్ (శబ్ద తీవ్రతను కొలిచే ప్రమాణం) దాకా పడుతుంది. బస్సు రొద అందులో కింది భాగాన్ని మింగేస్తుంది. నాయిస్ క్యాన్సిలింగ్ ఇంజిన్ హోరు లాంటి నిలకడైన శబ్దాన్ని బాగా తగ్గిస్తుంది కానీ, పక్కవాళ్ల మాటల్నీ హారన్లనీ పూర్తిగా ఆపలేదు.

యాప్‌లో 'వాల్యూమ్ నార్మలైజేషన్' ఆన్ చేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అది ముఖ్యంగా పాటకూ పాటకూ మధ్య తేడాను సరిచేస్తుంది. ఒకే రచన లోపలి ఎత్తుపల్లాలను అది సమం చేయదు, చేయకూడదు కూడా. వాల్యూమ్ పెంచడం అసలు వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినొచ్చు. అదే 90 అయితే 4 గంటలే.

నా మట్టుకు నేను ప్రయాణాల్లో గట్టి తాళం ఉన్న పాటలే పెట్టుకుంటాను. సింఫనీని రాత్రి ఇల్లు సద్దుమణిగాక, ఫోన్ పక్కన పడేసి వింటాను. మీరూ ఒక్క రాత్రి అలా విని చూడండి. ఇవే బడ్స్‌లో ఇంతకుముందు వినని వాద్యాలు వినిపిస్తాయి.

ప్రశ్న: కొన్ని పాత స్టీరియో పాటల్లో గొంతు ఒక చెవిలోనే వస్తోంది. హెడ్‌ఫోన్స్ పాడయ్యాయా?

జవాబు: లేదు. 1960ల నాటి కొన్ని స్టీరియో రికార్డుల్లో గొంతును ఒక పక్కకు, వాద్యాలను మరో పక్కకు పెట్టారు. స్పీకర్లలో వింటే రెండు శబ్దాలూ గదిలో కలిసి రెండు చెవులకూ చేరతాయి. హెడ్‌ఫోన్స్‌లో ఆ కలయిక ఉండదు. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి 'మోనో ఆడియో' ఆన్ చేయండి. అది రెండు పక్కల శబ్దాన్నీ కలిపి రెండు చెవులకూ ఒకేలా పంపుతుంది. కొత్త పాటలకు మారేటప్పుడు దాన్ని ఆఫ్ చేయడం మరిచిపోకండి.