బాబుకు 22 నెలలు, మాటలు మాత్రం ఆరే.. ఆగాలా, చూపించాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పరకాల. మా బాబుకు 22 నెలలు. అమ్మ, బాపు, తాత, అత్త, బువ్వ, పో.. ఈ ఆరు మాటలే అంటాడు. మా తోడికోడలి పాపకు 20 నెలలే, వసపిట్టలా మాట్లాడుతుంది. మా అత్తమ్మ ‘వాళ్ల నాయిన గూడ మూడేండ్లకే మాట్లాడిండు, మగపిలగాండ్లు ఆలస్యంగనే మాట్లాడుతరు, రంది పెట్టుకోకు’ అంటుంది. మా అమ్మ వస అరగదీసి నాకించమంటుంది. పక్కింటివాళ్లు నాలుక కింద నరం కోయించాలంటున్నారు. బాబు చెప్పింది వింటాడు. చెప్పులు తెమ్మంటే తెస్తాడు, కావాల్సింది వేలితో చూపిస్తాడు. అన్నం మాత్రం ఫోన్‌లో పాటలు పెడితేనే తింటాడు. నెలన్నర ముందే పుట్టాడు, కామెర్లని 8 రోజులు ఐసీయూలో పెట్టారు. ఇప్పుడు ఆరోగ్యంగానే ఉన్నాడు. ఏ ఫంక్షన్‌కు పోయినా చుట్టాలంతా ఇదే అడుగుతున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, పరకాల

జవాబు: అమ్మా, ఇంట్లోవాళ్లు, పక్కింటివాళ్లు అన్న మాటలన్నీ వివరంగా రాశారు. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన సంగతిని మాత్రం చివర్లో ఒక్క లైన్‌లో ముగించారు. నెలన్నర ముందే పుట్టాడు, 8 రోజులు ఐసీయూలో ఉన్నాడు అన్నది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఎదుగుదలను రెండేళ్లు వచ్చేదాకా పుట్టినరోజు నుంచి లెక్కపెట్టం. కాన్పు ఎప్పుడు జరగాలో ఆ తేదీ నుంచి లెక్కపెడతాం. ఆ లెక్కన మీ బాబు ఇప్పుడు ఇరవైన్నర నెలల వాడు. వయసు విషయంలో ఇది మీకు కొంచెం ఊరట. ఐసీయూ సంగతి అలా కాదు. పుట్టగానే 5 రోజులకు మించి ఐసీయూలో ఉన్న పిల్లలందరికీ వినికిడి పరీక్ష చేయించాలంటాం. కామెర్లకు నీలిరంగు లైట్ల కింద పెట్టినంత మాత్రాన చెవులు దెబ్బతినవు. కానీ కామెర్లు బాగా ముదిరి రక్తం మార్చాల్సి వచ్చినా, కొన్ని రకాల యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు వాడినా వినికిడి దెబ్బతినే అవకాశం ఉంది. అప్పటి డిశ్చార్జ్ కాగితాలు బీరువాలో ఉంటే తీసి చూడండి. ‘వినికిడి పరీక్ష చేయించాలి’ అని అందులో రాసే ఉండొచ్చు. బిడ్డను ఇంటికి తెచ్చుకున్న సంతోషంలో ఆ చివరి లైన్ ఎవరూ చదవరు. నేను చూసే కేసుల్లో ఇది మామూలే.

‘మావాడు చక్కగా వింటాడు డాక్టర్, గిన్నె కింద పడితే ఉలిక్కిపడతాడు’ అంటారు చాలామంది తల్లులు. నిజమే. కానీ గిన్నె చప్పుడు వినపడటం, మాట వినపడటం రెండూ ఒకటి కాదు. కొందరు పిల్లలకు పెద్ద చప్పుళ్లు, లావు గొంతులు వినపడతాయి. స, శ, త లాంటి సన్నని శబ్దాలు అందవు. మాట సగం సగం వినపడితే బిడ్డ ఎలా నేర్చుకుంటాడు? చెప్పులు తెమ్మంటే తెస్తాడన్నారు. మీరు అలా అన్నప్పుడు మీ చూపు చెప్పుల వైపు పోయిందేమో, చెయ్యి చూపించారేమో గమనించారా? పిల్లలు మన ముఖాన్ని, చేతుల్ని మనకంటే బాగా చదువుతారు. ఒకసారి బాబు వెనుక నిలబడి, చెయ్యి ఊపకుండా, మామూలు గొంతుతో ‘తాత ఏడి?’ అని అడిగి చూడండి. తిరిగి తాత కోసం చూశాడంటే మంచిదే. అయినా పరీక్ష మాత్రం మానొద్దు.

కొన్నేళ్ల కింద ములుగు వైపు నుంచి నాలుగేళ్ల బాబును తీసుకొచ్చారు. మొండివాడు, పిలిస్తే పలకడు అన్నది వాళ్ల ఫిర్యాదు. బేరా అనే వినికిడి పరీక్ష చేయిస్తే తెలిసింది, ఆ బాబుకు రెండు చెవులూ దాదాపు వినపడవు. నాలుగేళ్ల పాటు ఆ పిల్లవాడు వినపడని మాటలకు తిట్లు తిన్నాడు. మెదడు భాషను పట్టుకునేది ముఖ్యంగా మొదటి రెండు మూడేళ్లలోనే. చిన్నప్పుడే తెలిస్తే వినికిడి యంత్రంతోనో, అవసరమైతే చెవి లోపల పరికరం అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్‌తోనో మాటలు తెప్పించవచ్చు. ఆలస్యమయ్యే కొద్దీ ఫలితం తగ్గిపోతుంది.

మీది మేనరికమా అన్నది మీరు రాయలేదు. మన దగ్గర మేనమామ, మేనబావ సంబంధాలు ఇంకా ఉన్నాయి కాబట్టి అడుగుతున్నాను. అలాంటి పెళ్లిళ్లలో పుట్టుకతో వచ్చే చెవుడు కొంచెం ఎక్కువ. మీది అదే అయితే డాక్టర్‌కు దాచకుండా చెప్పండి. ఇందులో తప్పుపట్టేదేమీ లేదు, పరీక్ష ఎంత లోతుగా చేయాలో తెలుస్తుంది, అంతే.

ఇక మాటల లెక్క. నెలల పిల్లలు ఊ కొట్టడం రెండో నెలలో మొదలవుతుంది. ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య బబబ, దదద, తతత అని ముద్దుగా వరసపెడతారు. మొదటి పుట్టినరోజుకు అటూ ఇటుగా అర్థం ఉన్న మొదటి మాట వస్తుంది. ఏడాదిన్నరకు ఓ పది మాటలు, రెండేళ్లకు 50 దాకా మాటలు, రెండేసి మాటలు కలిపి ‘అమ్మ దా’, ‘పాలు వద్దు’ అనడం.. ఇది మేం చూసుకునే కొలత. పది రోజులు ఇటైనా, నెల అటైనా కొంప మునగదు. ఏడాది దాటినా ముద్దుపలుకులే లేకపోతే, వేలు చూపించడం, టాటా చెప్పడం లాంటి సైగలు రాకపోతే, 16 నెలలకు ఒక్క మాటా లేకపోతే, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోతే చూపించాలి. వచ్చిన మాటలు పోతే మాత్రం ఏ వయసులోనైనా సరే, వారం కూడా ఆగొద్దు.

మీరు ఆరు మాటలన్నారు. నాకు అనుమానమే. ఆవును చూసి ‘అంబా’ అంటాడా? కుక్కను ‘బౌబౌ’, పడుకోవడాన్ని ‘జోజో’, బండిని ‘బుర్రు’ అంటాడా? అవన్నీ మాటలే. కుర్చీని ‘తుత్తీ’ అన్నా, ప్రతిసారీ కుర్చీనే అంటుంటే అదీ మాటే. అన్నీ క్యాలెండర్ వెనుక రాసి పెట్టుకోండి. ఇలా రాయమన్నప్పుడల్లా ఆరు అన్నవాళ్లు పద్దెనిమిదితో వస్తారు. ఇంట్లో రెండు భాషలు ఉంటే రెండింట్లోవీ కలిపి లెక్కపెట్టాలి. తండాల నుంచి వచ్చే తల్లులు ‘ఇంట్లో లంబాడీ, బయట తెలుగు, అందుకే గందరగోళపడుతున్నాడేమో’ అని భయపడుతుంటారు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలోనూ ఇదే మాట. రెండు భాషల వల్ల మాట ఆగిపోదు. ఇంగ్లిష్ మీడియంలో వేస్తాం కదా అని ఇప్పటి నుంచే రాని ఇంగ్లిష్‌లో మాట్లాడే తల్లిదండ్రులను చూస్తే మాత్రం నాకు జాలేస్తుంది. మీకు కోపం వస్తే ఏ భాషలో తిడతారో, ఆ భాషలోనే ముద్దుచేయండి.

మాటల కంటే నేను ఎక్కువగా చూసేది వేలు. కావాల్సింది వేలితో చూపిస్తాడని రాశారు, సంతోషం. అయితే వేలు చూపించడంలో రెండు రకాలు ఉంటాయి. బిస్కెట్ డబ్బా వైపు చూపిస్తే ‘నాకు కావాలి’ అని. గోడ మీద కాకిని చూపించి, వెంటనే మీ ముఖంలోకి చూస్తే ‘చూశావా?’ అని. ఈ రెండోది చాలా విలువైంది. తనకు కలిగిన ముచ్చటను మీతో పంచుకోవాలని ఆ బిడ్డకు ఉందన్నమాట. ఇది లేకపోతే, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోతే, కళ్లలోకి చూడకపోతే, ఏది కావాలన్నా మన చెయ్యి పట్టుకుని ఒక వస్తువులాగా వాడుకుంటుంటే అప్పుడు ఆటిజం గురించి ఆలోచిస్తాం. 16 నుంచి 30 నెలల మధ్య పిల్లలకు ఇరవై ప్రశ్నల చిన్న పరీక్ష ఒకటి ఉంది, ఎంచాట్ అంటారు. మీ డాక్టర్‌ను అడిగి అది కూడా పూర్తి చేయించండి. మీరు రాసినదాన్ని బట్టి మీ బాబు విషయంలో నాకు ఆ భయం ఎక్కువగా లేదు.

మీ అమ్మగారి వస సంగతికి వద్దాం. బాగా మాట్లాడే పిల్లలను వసపిట్ట అంటూ ఆ నమ్మకాన్ని మన భాషే మోస్తోంది. నా చిన్నప్పుడు నాకూ పోశారట, ఫలితం ఈ పేజీలో కనిపిస్తూనే ఉంది. కానీ వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో దానివల్ల క్యాన్సర్ కణుతులు వచ్చాయని అమెరికాలో 1968లోనే వసను ఆహారంలో వాడకుండా నిషేధించారు. చిన్నపిల్లలకు వాంతులు అయ్యే ప్రమాదమూ ఉంది. వినపడని బిడ్డకు వస పోస్తే మాటలు రావు, వినపడే బిడ్డకు దాని అవసరం లేదు. అందుకని వద్దు. మీ అమ్మగారు నొచ్చుకుంటే డాక్టర్ వద్దన్నాడని నా మీద వేసేయండి.

పక్కింటివాళ్లు చెప్పిన నాలుక కింది నరం నిజానికి నరం కాదు, ఒక సన్నని పొర. అది పొట్టిగా ఉంటే పసిబిడ్డకు పాలు తాగడం కష్టం కావచ్చు, పెద్దయ్యాక కొన్ని అక్షరాలు సరిగా పలకకపోవచ్చు. మాటలే రాకపోవడానికి అది కారణం కాదు. కోయించే ఆలోచన మానుకోండి.

అత్తమ్మ మాటలో కొంత నిజం ఉంది. మగపిల్లలు ఆడపిల్లల కంటే ఒకటి రెండు నెలలు వెనకపడతారు. తండ్రికి ఆలస్యంగా మాటలు వస్తే కొడుక్కీ రావచ్చు. ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లలో ఎక్కువమంది తర్వాత అందుకుంటారు కూడా. చిక్కేమిటంటే, ఎవరు అందుకుంటారో, ఎవరు అందుకోరో ముందే చెప్పడం మా వల్ల కాదు. మీ ఆయన మూడేళ్లకు మాట్లాడి బాగున్నాడు కాబట్టి ఆ మాట ఇంట్లో చెప్పుకొంటున్నారు. ఆగి నష్టపోయినవాళ్ల ముచ్చట ఏ ఇంట్లోనూ చెప్పుకోరు.

ఫోన్ గురించి గట్టిగానే చెప్పాలి. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. యూట్యూబ్ పాటల్లో బోలెడు మాటలుంటాయి కదా అంటారు. ఉంటాయి, కానీ బాబు ‘ఊ’ అంటే ఫోన్ తిరిగి ‘ఊ’ అనదు. మాట వచ్చేది ఈ ఇచ్చిపుచ్చుకోవడంలోనే. పైగా రోజుకు మూడుపూటలా అన్నం తినే సమయమంటే, అమ్మ బిడ్డకు ఎదురుగా కూర్చునే సమయం. దాన్నే ఫోన్‌కు ఇచ్చేశారు. మానిపించిన మొదటి నాలుగైదు రోజులు ఏడుస్తాడు, రెండు ముద్దలు తక్కువ తింటాడు. తిననివ్వండి. ఆకలైతే ఏ బిడ్డా పస్తుండడు. దూరాన ఉన్న వాళ్ల నాన్నతోనో, మేనమామతోనో వీడియో కాల్ మాట్లాడిస్తే తప్పులేదు, అటువైపు మనిషి బదులిస్తాడు కదా.

ఇంట్లో మీరు చేయాల్సింది పెద్ద విద్యేమీ కాదు. నీళ్ల గ్లాసు వైపు చూడగానే నానమ్మ నీళ్లు అందించేస్తే వాడు నోరెందుకు విప్పుతాడు? ‘నీళ్లా, పాలా?’ అని రెండూ చూపించి, మనసులో పది లెక్కపెట్టేదాకా ఆగండి. ఏ శబ్దం చేసినా సరే, ‘ఆఁ.. నీళ్లు!’ అంటూ ఇచ్చేయండి. ‘నీళ్లు అను, అంటేనే ఇస్తా’ అని మాత్రం సతాయించొద్దు. వాడు ‘కాకి’ అంటే మీరు ‘కాకి ఎగిరిపోయింది’ అనండి. మాట తప్పు పలికితే దిద్దకుండా, మీరు సరిగా ఒకసారి అనండి చాలు. సాయంత్రం తాత భుజమెక్కించుకుని రోడ్డు మీదికి తీసుకెళ్తే ఆర్టీసీ బస్సు, ట్రాక్టర్, మేకల మంద అన్నీ పాఠాలే, తాత నోరు మెదిపితే. చుట్టాల ముందు ‘అత్తకు చెప్పు, తాతకు చెప్పు’ అని పరీక్ష పెట్టడం వెంటనే ఆపేయండి. మనకైనా నలుగురిలో నిలబెట్టి పాడమంటే గొంతు పెగలదు.

ప్లే స్కూల్ తొందరేమీ లేదు. అంగన్‌వాడీకి పంపితే మంచిదే, తోటిపిల్లలు దొరుకుతారు. పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే డాక్టర్ల బృందం అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వస్తుంది. అయితే వాళ్లు వచ్చేదాకా మీరు ఆగకండి. ఈ నెలలోనే వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో పిల్లల డాక్టర్‌కు చూపించి, ఈఎన్‌టీ విభాగంలో వినికిడి పరీక్ష గురించి అడగండి. ఓఏఈ అనే పరీక్ష నిమిషాల్లో అయిపోతుంది. కామెర్లతో ఐసీయూలో ఉన్న బిడ్డకు అది ఒక్కటే చాలదు. చెవి బాగానే ఉండి నరం దగ్గర లోపం ఉంటే అందులో బయటపడదు. బేరా కూడా రాయమని అడగండి. జలుబు చేసినప్పుడల్లా చెవి కారుతుంటే అదీ చెప్పండి, లోపల నీరు చేరినా వినికిడి మందగిస్తుంది. వినికిడి బాగుందని తేలి, కాన్పు తేదీ లెక్కన రెండేళ్లు నిండే నాటికి కూడా రెండు మాటలు కలపకపోతే స్పీచ్ థెరపీ మొదలుపెట్టించండి.

బేరా నొప్పి పెట్టే పరీక్ష కాదు. తల మీద, చెవుల వెనుక చిన్న తీగలు అతికిస్తారు, కానీ బాబు నిద్రలో ఉండాలి. అందుకని ముందురోజు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, పొద్దున తొందరగా లేపండి. పరకాల నుంచి వచ్చేటప్పుడు బస్సులో నిద్రపోనివ్వకండి, ఆ గంట సేపు కబుర్లు చెబుతూ తీసుకురండి. నిద్రమందు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి, ఎన్ని గంటల ముందు నుంచి పాలు, తిండి ఆపాలో ముందే అడిగి తెలుసుకోండి. బాబు కప్పుకొనే దుప్పటి, ఆ డిశ్చార్జ్ కాగితాలు, క్యాలెండర్ వెనుక రాసిన మాటల లిస్ట్ సంచిలో పెట్టుకోవడం మర్చిపోకండి.