టీవీ వెనక దీపం

బిడ్డా,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు అడిగింది ఒక్క మాటే. "మామయ్యా, సౌండ్ వస్తోంది, బొమ్మ లేదు. ఎవరో డిస్‌ప్లే పోయిందన్నారట. టీవీని పాత సామాన్లకు వేసేస్తానంటున్నాడు గిరాకీ. ఏం చెప్పమంటావ్?" ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పాను. రాత్రంతా అదే ఆలోచిస్తూ పడుకున్నాను. నువ్వు టీవీ రిపేరు షాపు తెరిచి ఇంకా నెల కూడా కాలేదు, ఇట్లాంటి టీవీలు వారానికి నాలుగు వస్తాయి నీ దగ్గరికి. అందుకే వివరంగా రాస్తున్నా.

ముందు ఆ 32 ఇంచీల టీవీ సంగతి. షట్టర్ సగం దించి లోపలి లైట్లన్నీ ఆర్పెయ్. టీవీ ఆన్ చేసి, టార్చి తెరకు దగ్గరగా, కాస్త ఏటవాలుగా పట్టు. వెలుగు పడినంత మేర మసకమసకగా ఛానెల్ లోగోనో, మెనూ అక్షరాలో, వార్తలు చదివే అమ్మాయి మొహమో కదులుతూ కనిపించిందనుకో, ఆ ప్యానెల్, అంటే బొమ్మ చూపించే తెర, బతికే ఉంది. బొమ్మ వస్తూనే ఉంది. ఆరిపోయింది వెనకున్న దీపం. ఆ గిరాకీకి టార్చి ఇచ్చి, అతని కళ్లతోనే చూసుకోమను. నువ్వు వంద మాటలు చెప్పినా రాని నమ్మకం అప్పుడు వస్తుంది.

నేను పని నేర్చుకున్నది పిక్చర్ ట్యూబుల మీద. మన ఈసీఐఎల్ కంపెనీ వాళ్లు ఇక్కడే హైదరాబాద్‌లో తయారుచేసిన ఈసీ టీవీలు అప్పుడు ఎన్ని ఇళ్లల్లో ఉండేవో! ఆ ట్యూబులో బొమ్మ, వెలుగు రెండూ ఒకటే. ఎలక్ట్రాన్లు వచ్చి తాకినచోట తెర లోపలి పూత తనంతట తానే వెలిగేది. ఇప్పటి ఎల్‌సీడీ టీవీలో అట్లా కాదు. అందులో స్ఫటికాల తెరకు వెలిగే గుణమే లేదు. చిన్నప్పుడు మా తాతయ్య పక్కన కూర్చుని తోలుబొమ్మలాట చూశాను. వెనక దీపాలు, ముందు తెల్లటి గుడ్డ, నడుమ పలచగా గీకి రంగులద్దిన తోలు. దీపం వెలుగు తోలులోంచి దూరి వస్తేనే రాముడి నీలం, రావణుడి ఎరుపు కనిపించేవి. దీపం కొండెక్కితే బొమ్మలెక్కడికీ పోవు, మనకు కనిపించవంతే. నీ బల్ల మీదున్న టీవీలో జరిగింది అదే. టీవీ విప్పిన ప్రతిసారీ దీపం వేరు, తెర వేరు అన్నది మనసులో పెట్టుకో.

ఇప్పుడు తెర సంగతి. రెండు పలచని గాజు పలకలు, వాటి మధ్య మూడు నాలుగు మైక్రాన్ల సందు. తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. ఆ సందులో ద్రవ స్ఫటికం ఉంటుంది. నీళ్లలా పారుతుంది, కానీ దాని అణువులు వరుసలో నిలబడతాయి. 1888లో ప్రాగ్‌లో రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త కొలెస్టెరిల్ బెంజోయేట్ అనే పదార్థాన్ని వేడిచేస్తే 145.5 డిగ్రీల దగ్గర కరిగి మబ్బుగా ఉండిపోయిందట, 178.5 దగ్గరికి వెళ్లాకే తేటపడిందట. కరగడం రెండుసార్లు! అక్కడ మొదలైంది ఈ కథ. మనవాళ్ల చెయ్యి కూడా ఉంది ఇందులో. 1977లో బెంగళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో శివరామకృష్ణ చంద్రశేఖర్‌గారి బృందం బిళ్లల్లాంటి అణువులతో కొత్తరకం ద్రవ స్ఫటికాన్ని కనిపెట్టింది. పక్కనుంచి చూసినా బొమ్మ చెడకుండా ఉండటానికి తెరలకు అంటించే పొరల్లో ఆ రకాన్ని తర్వాత వాడారు. ఆయన సి.వి. రామన్‌గారికి స్వయానా మేనల్లుడు. ఈ ఉత్తరం నీకు రాస్తూ ఆ సంగతి తలుచుకుంటే నాకు భలే సంతోషంగా ఉంది.

ఆ గాజు పలకలకు ముందొకటి, వెనకొకటి పోలరైజర్ పొరలు అంటించి ఉంటాయి. కాంతి అన్ని దిక్కుల్లోనూ ఊగుతూ వస్తుంది. వెనక పొర అందులో ఒక్క దిక్కున ఊగేదాన్నే లోపలికి రానిస్తుంది. స్ఫటికం ఆ ఊపును ఎంత తిప్పితే, ముందు పొర అంత బయటికి వదులుతుంది. తిప్పించేది కరెంటు. ప్రతి చుక్క వెనకా చిన్న ట్రాన్సిస్టర్లు కూర్చుని ఎంత కరెంటు ఇవ్వాలో చూసుకుంటాయి. ఫుల్ హెచ్‌డీ తెరలో 1920 నిలువు వరుసలు, 1080 అడ్డ వరుసలు. ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు గదులు. అంటే మొత్తం 62,20,800 గదులు, అన్నింటికీ విడివిడిగా కాపలా.

కళ్లతో చూడాలనుంటే మీ అమ్మ పాత ఫోన్ తీసుకుని తెల్లటి పేజీ తెరిచి, దాని మీద వేలికొసతో ఒక్క నీటిచుక్క పెట్టు. ఆ చుక్కే భూతద్దమై తెలుపు విడిపోతుంది, కిందంతా ఎరుపు, ఆకుపచ్చ, నీలం గింజలు పోసినట్టు. టీవీ మీద మాత్రం నీళ్లు వద్దు, ఎందుకో కింద చెప్తాను. పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు దొరికితే టీవీ ముందు పట్టుకుని మెల్లగా గుండ్రంగా తిప్పు. ఒకచోట తెరంతా నల్లబడిపోతుంది. నాకు మొదటిసారి ఇదంతా అర్థమైంది ఆ కళ్లద్దాలతోనే.

ఇన్ని పొరలు దాటాలి కాబట్టి దీపంలోని వెలుగు దారిలోనే అయిపోతుంది. పోలరైజర్ దగ్గర సగం పోతుంది. రంగు గదుల్లో మూడొంతుల్లో రెండొంతులు పోతుంది. వెనక వందపాళ్లు వెలిగితే మన కంటికి చేరేది సుమారు ఐదుపాళ్లు. అందుకే దీపాన్ని అంత గట్టిగా వెలిగిస్తారు. అందుకే అది అంత వేడెక్కుతుంది, మిగతావాటికన్నా ముందు అదే పోతుంది.

పాత ఎల్‌సీడీ టీవీల్లో పెన్సిల్ కన్నా సన్నని గాజు గొట్టాలుంటాయి. వాటిని సీసీఎఫ్‌ఎల్ అంటాం. ట్యూబులైటుకు చిన్న తమ్ముడు లాంటిది. లోపల పాదరసం ఉంటుంది, పగలగొట్టకు, చెత్తబుట్టలో వెయ్యకు. అవి ఇప్పుడు నీ దగ్గరికి రావడం తక్కువే. జనం ఎల్‌ఈడీ టీవీ అనేది కూడా ఎల్‌సీడీనే, దీపం మారిందంతే. ఈ ఎల్‌ఈడీలు రెండు రకాలుగా పెడతారు. సన్నగా ఉండే మోడళ్లలో అంచున ఒక వరుస పెట్టి, యాక్రిలిక్ పలకలోకి వెలుగు పంపుతారు. ఆ పలక మీద సన్న చుక్కలుంటాయి. దీపం దగ్గర పలచగా, దూరం వెళ్లేకొద్దీ ఒత్తుగా. అట్లా వెలుగు అంతటా సమంగా పైకి లేస్తుంది. రెండో రకంలో వెనక రేకుమీదే ఎల్‌ఈడీల పట్టీలు, అంటే స్ట్రిప్పులు, పరిచి ఉంటాయి. మన దగ్గరికి వచ్చే 32 ఇంచీల్లో ఎక్కువ ఇవే.

వినాయక చవితికి మండపానికి సీరియల్ సెట్టు కడతాం కదా, ఒక బల్బు పోతే వరుసంతా పోతుంది. స్ట్రిప్పుల్లోనూ అంతే. చాలా టీవీల్లో అన్నీ ఒకే వరుసలో కలిపి ఉంటాయి, ఒక్క ఎల్‌ఈడీ తెగినా దీపమంతా ఆరిపోతుంది. "ఒక్కటే పోయింది, అదొక్కటే మారుద్దాం" అని నీకూ అనిపిస్తుంది. వద్దు బిడ్డా. మిగతావీ అన్నేళ్లూ అంతే వేడిలో కాలినవే. ఇవాళ ఒకటి మారిస్తే రెండు నెలలకు పక్కది పోతుంది, గిరాకీ నీ మీద నమ్మకం పోగొట్టుకుంటాడు. సెట్టు మొత్తం మార్చు. తెర నీలంగానో, ఊదాగానో తిరిగిందంటే కూడా స్ట్రిప్పులు ముసలివయ్యాయనే. తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉన్నది నీలం ఎల్‌ఈడీ, దాని మీది పసుపు పూత కలిస్తేనే తెలుపు. పూత అరిగితే నీలం బయటపడుతుంది.

స్ట్రిప్పుల కోసం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తావు కదా, పాత స్ట్రిప్పు చేతిలో పట్టుకునే వెళ్లు. "32 ఇంచి" అంటే సరిపోదు, అందులో బోలెడు రకాలు. ఎల్‌ఈడీలు లెక్కపెట్టు, పొడవు కొలువు, ఒక్కోటి 3 వోల్టులదా 6 వోల్టులదా చూడు, కనెక్టర్ చూడు, లెన్సు ఆకారం చూడు. రేకు పలచగా ఉన్న చవక రకం అంటగడతారు, అది వేడిని లాగదు.

ఇక విప్పడం. ప్లగ్ తీసేశాక కూడా పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైనే మిగిలి ఉండొచ్చు. పాతకాలపు ఫిలమెంట్ బల్బు పెట్టిన హోల్డర్‌కు రెండు వైర్లు కట్టి ముందు దాన్ని ఖాళీ చెయ్యి, తర్వాత మీటరుతో చూసుకో. చేతి గాజులు, ఉంగరం తీసి డ్రాయర్లో పెట్టు. బల్ల మీద మందమైన దుప్పటి పరుచు. ఫ్యాను ఆపు, దుమ్ము లోపలికి పోతే బయటికి తియ్యడం నరకం. ప్రతి పొర తీసేముందు ఫోన్లో ఫొటో తియ్యి.

ప్యానెల్ మాత్రం ఒంటరిగా ఎత్తకు. ఎన్నేళ్ల అనుభవం ఉన్నా ఎత్తకు. ఓ వేసవి మధ్యాహ్నం కుర్రాడు భోజనానికి వెళ్తే, ఆగలేక 40 ఇంచీల ప్యానెల్ నేనే ఎత్తాను. మూలన "టిక్" అని చిన్న చప్పుడు. గోరంత గీత, అంతే. ఆన్ చేస్తే ఆ మూలనుంచి నల్లటి సిరా ఒలికినట్టు సగం తెర పాకింది. ఆ ఇంటాయన కూతురి పెళ్లికి కొన్న టీవీ అది. నా చేతిలో పగిలిందని ఉన్నదున్నట్టు చెప్పాను. నాలుగు నెలలపాటు కొంచెం కొంచెంగా ఆ డబ్బు కట్టాను. ఆయన ఇప్పటికీ నా దగ్గరికే వస్తాడు. కానీ ఆ చప్పుడు నా చెవుల్లోంచి పోలేదు.

గాజుతోపాటు దాని అంచునుంచి బోర్డుకు వచ్చే పలచని రిబ్బన్లను చూసుకో. ఒక్కోదాని మీద చిన్న చిప్ ఉంటుంది. అవి చిరిగితే మన సోల్డరింగ్‌కు లొంగవు. టీవీ తెర మీద నీళ్లు వద్దన్నది కూడా వీటికోసమే. స్ప్రే కొట్టి తుడిస్తే ఆ తడి జారి కింది అంచులోకి పోతుంది, రిబ్బన్ల దగ్గర చేరి తుప్పు పట్టిస్తుంది, నిలువు గీతలు మొదలవుతాయి. గిరాకీలకు పొడి మెత్తటి గుడ్డతో తుడుచుకోమని చెప్పు.

ప్యానెల్ తీశాక షీట్లు. మందంగా తెల్లగా ఉండే పలక డిఫ్యూజర్, చుక్కచుక్కగా వచ్చే వెలుగును పాలలా కలిపేది అదే. దాని మీద పలచని షీట్లు రెండో మూడో. ఒకటి ఏటవాలుగా పట్టుకుంటే ఇంద్రధనుస్సులా మెరుస్తుంది. దాని మీద కంటికి ఆనని గాడులుంటాయి, పక్కలకు పోయే వెలుగును ఎదురుగా మళ్లిస్తుంది. ఈ షీట్ల వరుస మారినా, ఒకటి తిరగేసినా బొమ్మలో తేడా వస్తుంది. అంచున చెవుల్లాంటివి ఉంటాయి, అవి రేకులోని ఖాళీల్లో కూర్చుంటేనే సరైన వైపని గుర్తు. నూలు గ్లవుజులు వేసుకో. వేలిముద్ర పడితే అన్నీ బిగించాక తెల్లటి తెర మీద మరకై కనిపిస్తుంది, మళ్లీ మొదటినుంచి విప్పాలి.

తెర మీద అక్కడక్కడ చందమామల్లా గుండ్రటి వెలుగు మచ్చలున్నాయంటే ఎల్‌ఈడీ మీది లెన్సు ఊడిందని. చటుక్కున అంటుకునే గమ్ వాడకు, దాని ఆవిరికి లెన్సు తెల్లబారుతుంది.

కొత్త స్ట్రిప్పులు వేశాక దీపం కరెంటు కాస్త తగ్గించు. దీపానికి కరెంటు ఇచ్చే డ్రైవర్ దగ్గర పక్కపక్కనే కలిపి ఉండే సెన్స్ రెసిస్టర్లలో ఒకటి తీస్తే తగ్గుతుంది, ఎలా లెక్క కట్టాలో దగ్గర కూర్చోబెట్టి చూపిస్తా, నువ్వు ఊహించి తియ్యకు. మెనూలో బ్యాక్‌లైట్ వందలో ఉంటే డెబ్బైకి దించు. బ్రైట్‌నెస్ అన్నది చాలా టీవీల్లో వేరే, అది తగ్గిస్తే నలుపులు ఇంకా నల్లబడతాయంతే, దీపానికి విశ్రాంతి ఉండదు. చాలామంది మెకానిక్‌లే ఈ రెండూ ఒకటనుకుంటారు.

టార్చి వేసినా ఏమీ కనిపించకపోతే అప్పుడు పవర్ సప్లై, తెరకు బొమ్మ పంపే టీకాన్ బోర్డు చూడాలి, అది ఇంకో ఉత్తరం. గాజు పగిలి ఉంటే మాత్రం మొదటి నిమిషంలోనే చెప్పెయ్. విప్పి చూస్తానని ఆశపెట్టి చార్జీ తీసుకోకు.

శనివారం పొద్దున్నే వస్తున్నా, నా గ్లవుజులు కూడా తెస్తాను. ఆ 32 ఇంచిని అప్పటిదాకా గోడకు ఆనించి కాకుండా నిలువుగా స్టాండు మీదే ఉంచు. వెనక మూత వరకు విప్పు, పర్వాలేదు. ప్యానెల్ ఇద్దరం కలిసి ఎత్తుదాం.

ఆశీస్సులతో,
మీ మామయ్య