ట్రెయిలర్ తగిలిస్తే రేంజ్ సగమవడం: బ్యాటరీ లోపం కాదు

ఫోర్డ్ విద్యుత్ పికప్ ట్రక్కు ఎఫ్-150 లైట్నింగ్‌కు 320 మైళ్ల రేంజ్ (ఒక్క చార్జింగ్‌తో వెళ్లే దూరం) అని చెప్పినా, డాలస్ నుంచి హ్యూస్టన్‌కు మూతపెట్టె ట్రెయిలర్ లాగితే సగం కూడా రావడం లేదన్న మీ సమస్యకు కారణం బరువు కన్నా గాలి. క్యాబిన్ కంటే ఎత్తుగా నిలిచే ఆ పెట్టె ముందుభాగం హైవే వేగంలో గాలిని గోడలా నెడుతుంది; అందులో సామాను సగమే ఉన్నా నష్టం పెద్దగా తగ్గదు.

1. ట్రెయిలర్‌తో, మీరు మామూలుగా నడిపే వేగంలోనే 30 మైళ్లు వెళ్లి, కిలోవాట్-అవర్‌కు ఎన్ని మైళ్లు వచ్చాయో చూడండి.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇదే: ఆ అంకెను బ్యాటరీ పూర్తి సామర్థ్యమైన 131 కిలోవాట్-అవర్లతో కాకుండా అందులో 65 శాతంతో, అంటే సుమారు 85తో గుణించండి. దారిలో ఫాస్ట్ చార్జింగ్ 80 శాతం దాటాక బాగా నెమ్మదిస్తుంది, 15 శాతం కిందికి దిగడం క్షేమం కాదు. కాబట్టి 1.2 మైళ్లు వస్తే, మొదటి మజిలీ తరువాత రెండు చార్జర్ల మధ్య మీకు దక్కేది దాదాపు 100 మైళ్లే.

3. వేగాన్ని గంటకు 75 మైళ్ల నుంచి 60కి తగ్గించి మళ్లీ కొలవండి.

4. ట్రెయిలర్ విప్పకుండా నిలపగల చార్జర్లు తక్కువ. విప్పి తగిలించే సమయాన్నీ లెక్కలో చేర్చండి.

వారం వారం ఈ దూరమే లాగాలంటే నా ఓటు డీజిల్‌కే. ఊళ్లోనే పనిచేస్తూ, బండి ప్లగ్గుల నుంచి రంపాలు, కంప్రెసర్ నడుపుకొనేవారికి మాత్రం ఇది చక్కగా సరిపోతుంది.