గురువులు కాని వాళ్లు పూజలో పఠనాలు చదవొచ్చా?

విచారణలో, అంటే మీ ప్రాంతపు చర్చిలో, పూజప్పుడు బైబిల్ పఠనం చదవమని అడిగారు, గురువును (ఫాదర్‌ను) కాని నేను చదవొచ్చా అని మీ సందేహం. నిశ్చింతగా చదవొచ్చు. కతోలిక సభ పద్ధతి చెబుతాను.

సువిశేషానికి (యేసు జీవితం, బోధ చెప్పే భాగానికి) ముందు వచ్చే పఠనాలు, కీర్తన చదివేది మామూలు విశ్వాసులే. సువిశేషం మాత్రం డీకనో (గురువు కన్నా ఒక మెట్టు కింద అభిషేకం పొందిన సేవకుడు) గురువో చదవాలి. పాటలు, పీఠ సేవ (పూజ బల్ల దగ్గర గురువుకు సాయం), కానుకలు పోగుచేయడం, వచ్చినవాళ్లకు చోటు చూపించడం కూడా విశ్వాసులు చేసేవే. పఠకులుగా, పీఠ సేవకులుగా మామూలు విశ్వాసులను అధికారికంగా నియమించవచ్చని ఆరవ పౌలు పోపు 1972లో చెప్పారు, కానీ పురుషులనే. ఆ నియామకం స్త్రీలకూ ఇవ్వొచ్చని ఫ్రాన్సిస్ పోపు 2021లో మార్చారు. చాలా ముందే రావాల్సిన మార్పు అది.

గురువులు చాలనప్పుడు అనుమతి పొందిన విశ్వాసులు దివ్యసత్ప్రసాదం (పూజలో గురువు ఆశీర్వదించిన అప్పం) పంచొచ్చు. మంచం పట్టినవాళ్ల ఇంటికి తీసుకెళ్లేదీ చాలాచోట్ల వీళ్లే. చిన్న గుండ్రటి పెట్టెలో అప్పాన్ని భద్రంగా పెట్టుకుని, దారిలో ఇంకో పని పెట్టుకోకుండా నేరుగా ఆ ఇంటికే వెళ్తారు. గుడికి రాలేక బాధపడే మనిషికి ఆ పది నిమిషాలు ఎంతో ఊరట. నాకైతే అన్నిటికన్నా గొప్ప సేవ ఇదే అనిపిస్తుంది.

ఇక మీ పఠనం. ముందురోజే రెండు మూడుసార్లు బిగ్గరగా చదువుకోండి. బైబిల్‌లోని అపోస్తలుడు పౌలు లేఖల్లో ఒక్కో వాక్యం చాలా పొడవు సాగుతుంది, మధ్యలో ఊపిరి అందదు. ఎక్కడ ఆగాలో ఒక కాగితం మీద రాసుకుని గుర్తులు పెట్టుకుంటే టెన్షన్ సగం తగ్గుతుంది. నిదానంగా, చివరి వరుసలో కూర్చున్న పెద్దావిడకు వినపడేలా చదవండి.